ఎందుకూ పనికిరాని నొప్పి అంటూ ఉందా? లేఖనాల్లో శ్రమ, హింస, రోగం

మా పిన్నికి కీళ్లవాతం వచ్చి పదకొండేళ్లు దాటింది. చేతివేళ్లు పక్కకు ఒరిగి బిగుసుకుపోయాయి. బైబిలు పేజీని వేళ్లతో పట్టుకోలేదు, అరచేతి అంచుతో నెట్టి తిప్పుకుంటుంది. ఒకరోజు నేను వెళ్లేసరికి పుస్తకం మూసి తలగడ పక్కన పెట్టి ఉంది. ఆ ఉదయం పరామర్శకు వచ్చిన ఒక విశ్వాసి, మంచి మనసుతోనే అయి ఉంటుంది, ఒక మాట చెప్పి వెళ్లారు. వాక్యంలో శ్రమ అంటే క్రీస్తు నామం కోసం పడే హింస మాత్రమేనట. రోగం ఆ లెక్కలోకి రాదట. కాబట్టి శ్రమపడేవారికి ఇచ్చిన వాగ్దానాలను రోగులు తమకు అన్వయించుకోకూడదట. పిన్ని నా వైపు చూసి, "అయితే నాది ఎందుకూ పనికిరాని నొప్పేనా, నాన్నా?" అని అడిగింది.

"అలా ఏమీ కాదు పిన్నీ" అని మాత్రం అనగలిగాను. ఎందుకు కాదో చెప్పలేకపోయాను. ఆ తర్వాత చాలాకాలం ఈ వచనాల చుట్టూనే తిరిగాను. తిరిగిన కొద్దీ అర్థమైనదేమిటంటే, ఈ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. ఫలానా వచనంలో "శ్రమ" అన్న మాటకు అర్థం ఏమిటన్నది ఒకటి. శ్రమపడేవారికి ఇచ్చిన ఆదరణ రోగికి చెందుతుందా అన్నది మరొకటి. హింస వచ్చినప్పుడూ రోగం వచ్చినప్పుడూ విశ్వాసి చేయవలసింది ఒకటేనా అన్నది ఇంకొకటి. మొదటిదానికి దొరికిన జవాబును తెచ్చి రెండోదానికి అతికించడం వల్లే మా పిన్ని పుస్తకం మూసేసింది.

ఆ వచ్చినాయన మాటలో నిజం లేకపోలేదు. ముందు దాన్ని ఒప్పుకోవాలి.

పేతురు మొదటి పత్రిక తీసుకోండి. గ్రీకులో "బాధపడు" అనే అర్థం ఉన్న పాస్ఖో అన్న క్రియ ఈ చిన్న పత్రికలో 12 సార్లు వస్తుంది. కొత్త నిబంధనలో ఏ పత్రికలోనూ ఇన్నిసార్లు రాదు. కొన్నిచోట్ల అది క్రీస్తు పడిన బాధ. మిగిలినచోట్ల అన్యాయంగా దెబ్బలు తింటున్న దాసులు, నీతి కోసం నిందలు పడుతున్నవారు, క్రైస్తవుడన్న పేరు వల్ల అవమానం పొందుతున్నవారు కనిపిస్తారు. జ్వరం, కుంటితనం, గుడ్డితనం ఆ పత్రికలో కనిపించవు. కొండమీది ప్రసంగంలో ధన్యులని చెప్పినది నీతినిమిత్తం హింసింపబడేవారిని. ఫిలిప్పీయులకు పౌలు, విశ్వసించడమే కాదు, క్రీస్తు పక్షాన శ్రమపడటం కూడా మీకు అనుగ్రహింపబడిందని రాసినప్పుడు, ఆయన కళ్లముందు ఉన్నది చెరసాల, ఎదిరించే జనం. సిలువను ఎత్తుకోవడం గురించి యేసు చెప్పిన మాట కూడా అంతే. సిలువ అనేది మనిషి తెలిసి, ఒప్పుకుని భుజానికెత్తుకునేది. కీళ్లవాతాన్ని ఎవరూ ఎత్తుకోరు, అది వచ్చి మీద పడుతుంది. జబ్బు చేసినప్పుడల్లా "ఇది నా సిలువ" అనడం మనకు అలవాటైపోయింది గానీ, సువార్తల్లో ఆ మాటకు ఉన్న బరువు వేరు. విశ్వాసం కోసం నిజంగానే చెరలో ఉన్నవారు, ఇల్లు వాకిలి పోగొట్టుకున్నవారు లోకంలో ఉన్నారు. వారికి చెందిన మాటను మన పడిశానికి వాడుకోకూడదు.

వీటన్నిటికంటే బలమైన ఆధారం యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో ఉంది. 13వ వచనంలో "మీలో ఎవనికైనను శ్రమ సంభవించెనా? అతడు ప్రార్థనచేయవలెను" అని ఉంది. మరుసటి వచనంలోనే "రోగియై యున్నాడా" అని వేరుగా అడిగి, అతడు సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని చెబుతాడు. గ్రీకులో మాటలు రెండు, చేయవలసిన పనులు కూడా రెండు. శ్రమా రోగమూ ఒకటే అయితే యాకోబు ఇలా విడదీసి అడిగేవాడు కాదు కదా అని ఆ పక్షం వారు వాదిస్తారు. పైగా యేసు దగ్గరకు వచ్చిన ఏ రోగితోనూ "ఓర్చుకో, ఇది నీకు మహిమ" అని ఆయన అన్నట్టు నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. హింస వస్తుందని, ఓర్చుకోమని శిష్యులకు చెప్పాడు. రోగులనైతే బాగుచేశాడు.

ఇంతవరకు నేను ఆయనతోనే ఉన్నాను. ఇక్కడి నుంచి దారులు వేరవుతాయి.

ఒక మాట, రెండు తెలుగు పదాలు

కొత్త నిబంధనలో శ్రమ అన్న భావానికి ఎక్కువగా వాడిన గ్రీకు నామవాచకం థ్లిప్సిస్. 45 సార్లు వస్తుంది. దాని మూలార్థం నొక్కుడు, ఒత్తిడి. ఒక వస్తువును రెండు వైపులా నొక్కితే లోపల ఉన్నదానికి ఊపిరాడని స్థితి. ఎవరు నొక్కారు, ఎందుకు నొక్కారు అన్నది ఆ మాటలో లేదు.

యోహాను సువార్త 16వ అధ్యాయం చివరి వచనం విశ్వాసులందరికీ కంఠతా వచ్చినదే: "లోకములో మీకు శ్రమ కలుగును, అయినను ధైర్యము తెచ్చుకొనుడి." అక్కడ శ్రమ అన్నది థ్లిప్సిస్. దానికి ముందు యేసు హింస గురించే మాట్లాడాడు, సమాజమందిరాల్లోంచి వెలివేస్తారని హెచ్చరించాడు. అయితే అదే అధ్యాయంలో పన్నెండు వచనాలు వెనక్కి వెళ్లండి. ప్రసవిస్తున్న స్త్రీ గురించి చెబుతూ, బిడ్డ పుట్టాక ఆమె ఆ వేదనను మరి జ్ఞాపకం చేసుకోదని అంటాడు. అక్కడ "వేదన" అని మన బైబిలులో ఉన్న చోట గ్రీకులో ఉన్నది థ్లిప్సిసే. ఒకే నోటినుంచి, ఒకే సాయంత్రం, ఒకే మాట. మొదట పురిటినొప్పికి వాడి, ఆ తర్వాత లోకంలో కలిగే శ్రమకు వాడాడు. తెలుగులో రెండు వేర్వేరు పదాలు పడటంతో ఆ తాడు మనకు కనబడకుండా పోయింది. అనువాదకులను తప్పుపట్టడం లేదు. పురిటినొప్పిని తెలుగులో శ్రమ అనరు.

ఈ మాట ఇంకెక్కడెక్కడ వస్తుందో చూడండి. అపొస్తలుల కార్యాలు ఏడో అధ్యాయంలో కరవు వల్ల కలిగిన బాధ. యాకోబు పత్రికలో అనాథలూ విధవరాండ్రూ పడే ఇబ్బంది. కొరింథీయుల మొదటి పత్రికలో పెళ్లి చేసుకున్నవారికి శరీరసంబంధంగా కలిగే కష్టాలు. విత్తువాని ఉపమానంలో మార్కు "శ్రమయైనను హింసయైనను" అని రెండిటినీ పక్కపక్కన పెట్టాడు. రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు చెప్పిన జాబితాలో శ్రమ, బాధ, హింస, కరవు, వస్త్రహీనత, ఉపద్రవం, ఖడ్గం ఉన్నాయి. హింస అందులో మూడోది. శ్రమ అంటే హింసే అయితే ఒకే సంగతిని రెండుసార్లు ఎందుకు చెబుతాడు? హింస శ్రమలో ఒక రకం. పెద్ద రకమే. అయినా ఒక రకమే.

పాస్ఖో అన్న క్రియ కూడా హింసకు మాత్రమే అంకితమైనది కాదు. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ అనేకమంది వైద్యుల చేతిలో ఎన్నో తిప్పలు పడిందని మార్కు రాసినప్పుడు వాడింది ఆ క్రియనే. ఉన్నదంతా ఖర్చుపెట్టి, రోగం ఇంకా ముదిరి, గుంపులో వెనకనుంచి వచ్చి వస్త్రం అంచు ముట్టుకున్న ఆమెకూ, పేతురు పత్రికలోని దాసులకూ ఒకే క్రియాపదం.

నిఘంటువుతో సిద్ధాంతం తేలదని నాకు తెలుసు. ఒక పదం అనేక అర్థాల్లో వాడినంత మాత్రాన ప్రతి చోటా అన్ని అర్థాలూ ఉండవు. పేతురు పత్రికలో అది హింసే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: "వాక్యంలో శ్రమ అంటే ఎప్పుడూ హింసే" అన్న వాదనకు ఈ పదాలు సాక్ష్యం పలకవు.

యాకోబు మళ్లీ

యాకోబు 13, 14 వచనాల్లో శ్రమను, రోగాన్ని విడదీశాడన్నది నిజమే. కాస్త పైకి వెళ్దాం. 10వ వచనంలో శ్రమానుభవానికి, ఓపికకు మాదిరిగా ప్రవక్తలను చూపిస్తాడు. సరే, వారు హింస పొందినవారు. 11వ వచనంలో ఇంకొక పేరు వస్తుంది: యోబు. యోబు సహనం గురించి మీరు విన్నారు కదా అంటాడు.

యోబును ఎవరు హింసించారు? షెబాయీయులు వచ్చి ఎద్దులను, గాడిదలను తోలుకుపోయారు. కల్దీయులు ఒంటెలను పట్టుకుపోయారు. అంతవరకు అది మనుషుల పని. ఆకాశంనుంచి అగ్ని పడి గొర్రెలు కాలిపోయాయి, పెనుగాలికి ఇల్లు కూలి పిల్లలు చనిపోయారు. ఇవి మనుషుల పనులు కావు. చివరికి అరికాలు మొదలు నడినెత్తి వరకు కురుపులు. బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కుంటూ ఉన్న మనిషి. దోపిడీ, ప్రకృతి వైపరీత్యం, రోగం, మూడూ ఒకే కథలో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ గ్రంథం వాటిని వేర్వేరు అరల్లో పెట్టదు. యాకోబుకు సహనం పేరెత్తగానే గుర్తొచ్చినవాడు ఈ కురుపుల మనిషి. కాబట్టి 13, 14 వచనాల్లో యాకోబు చేసింది ఏది శ్రమ, ఏది కాదు అన్న విభజన కాదు. ఏ స్థితిలో ఏం చేయాలన్న సలహా. ఒంటరిగా ప్రార్థించగలిగినవాడు ప్రార్థించాలి. మంచం మీదినుంచి లేవలేనివాడు పెద్దలను తన దగ్గరికే పిలిపించుకోవాలి.

యేసు కూడా ఇలాగే రెండిటినీ ఒకచోట పెట్టిన సందర్భం లూకా 13వ అధ్యాయంలో ఉంది. బలులు అర్పిస్తున్న గలిలయులను పిలాతు చంపించాడని కొందరు వచ్చి చెబుతారు. అది అధికారి చేసిన హత్య. యేసు జవాబిస్తూ, వారు అడగని ఇంకో సంగతి తానే ఎత్తుతాడు: సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది. అది ప్రమాదం. రెండిటి గురించీ ఆయన ప్రశ్న ఒక్కటే, వీరు మిగిలినవారికంటే పాపులని మీరు అనుకుంటున్నారా? కాదు అంటాడు. రోగిని చూసి "ఎక్కడో విశ్వాసంలో లోపం ఉంది" అని తేల్చేసేవారు ఈ ఐదు వచనాలను నెమ్మదిగా చదవాలని నా మనవి.

చెట్లకు హింస ఉండదు

రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిదో అధ్యాయమే ఈ చర్చకు నడిబొడ్డు అని నాకు అనిపిస్తుంది. "ఇప్పటి కాలపు శ్రమలు" రాబోయే మహిమ ఎదుట ఎన్నదగినవి కావని 18వ వచనం. దానికి ముందే క్రీస్తుతో కూడా శ్రమపడటం అన్న మాట ఉంది గనుక ఇదంతా హింస గురించే అని కొందరంటారు. అయితే పౌలు ఆ శ్రమలను ఎలా వివరించాడో చూడాలి. వెంటనే సృష్టి అంతటి గురించి మాట్లాడతాడు. సృష్టి నాశనానికి లోనైన దాస్యంలో ఉందని, ప్రసవవేదన పడుతున్నట్టు మూలుగుతున్నదని అంటాడు. చెట్లనూ జంతువులనూ ఎవరూ వాటి విశ్వాసం కోసం హింసించరు. వాటికి ఉన్నది క్షయం, చావు.

తర్వాతి మాట ఇంకా సూటిగా ఉంటుంది. ఆత్మయొక్క ప్రథమఫలాలు పొందిన మనం కూడా లోపల మూలుగుతున్నాం, దేహ విమోచన కోసం ఎదురుచూస్తున్నాం అంటాడు. ఆత్మ పొందినవారే మూలుగుతున్నారు. ఎదురుచూస్తున్నది శత్రువుల చేతినుంచి విడుదల కోసం కాదు, దేహం విడుదల కోసం. ఆ మూలుగులో మా పిన్ని వేళ్లకు చోటు లేదంటే, ఆ వాక్యంలో "దేహము" అన్న మాటకు అర్థమే లేకుండా పోతుంది.

ఇక ముల్లు. కొరింథీయుల రెండో పత్రిక 12వ అధ్యాయంలో పౌలు తన శరీరంలో ఒక ముల్లు ఉందని, దాన్ని తీసేయమని మూడుసార్లు ప్రభువును వేడుకున్నానని రాశాడు. అది ఏమిటో చెప్పలేదు. 3వ శతాబ్దపు మొదట్లో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత అది తలనొప్పి లేదా చెవిపోటు అన్న మాటను ప్రస్తావించాడు. 4వ శతాబ్దపు చివర యోహాను క్రిసోస్తొము అనే పేరొందిన ప్రసంగీకుడు తలనొప్పి మాటను గట్టిగా తోసిపుచ్చి, పౌలును ఎదిరించిన కంచరి అలెక్సంద్రు వంటివారే ఆ ముల్లు అన్నాడు. పాత నిబంధనలో ఇశ్రాయేలీయుల పక్కన మిగిలిపోయిన శత్రుజనాలను ముళ్లతో పోల్చడం ఉంది కాబట్టి ఆ వాదన తేలిగ్గా తీసేయదగింది కాదు. 19వ శతాబ్దపు చివర విలియం రామ్సే అనే పండితుడు మలేరియా అన్నాడు. ఈ ముల్లు మీద నేను ఇల్లు కట్టను. గమనించవలసింది తర్వాతి వచనం. బలహీనతలు, నిందలు, ఇబ్బందులు, హింసలు, ఉపద్రవాలు అని పౌలు జాబితా చెప్పి వీటన్నిటిలో సంతోషిస్తున్నానంటాడు. "నా కృప నీకు చాలును" అన్న జవాబును ఆయన హింసకు మాత్రమే కట్టివేయలేదు, ఐదింటి మీదికీ పరిచాడు.

గలతీయుల పత్రికలో అయితే సందేహమే లేదు. శరీర దౌర్బల్యం వల్లే మొదట మీకు సువార్త చెప్పానని, దాన్ని చూసి మీరు నన్ను తృణీకరించలేదని రాస్తాడు. అక్కడి గ్రీకు క్రియల్లో ఒకదానికి అక్షరార్థం ఉమ్మివేయడం. చూసినవారు మొహం తిప్పుకునేంతటి స్థితిలో ఆయన వారి మధ్య ఉన్నాడు. ఆ స్థితే సువార్తకు సందర్భమైంది.

ఎపఫ్రొదితు

హింసకూ రోగానికీ మధ్య గోడ కట్టాలనుకునేవారికి ఫిలిప్పీ సంఘపు ఎపఫ్రొదితు పెద్ద చిక్కు. చెరలో ఉన్న పౌలుకు సంఘం పంపిన కానుకను మోసుకొచ్చింది ఇతనే. అతన్ని ఎవరూ కొట్టలేదు, చెరలో వేయలేదు. జబ్బుపడ్డాడు, అంతే. చావుకు దగ్గరగా వెళ్లి వచ్చాడు. తన జబ్బు సంగతి ఇంటి దగ్గర తెలిసిపోయిందని దిగులుపడ్డాడు కూడా.

పౌలు అతన్ని తిరిగి పంపుతూ, ఇలాంటివారిని ఘనపరచండి, క్రీస్తు పని కోసం చావుకు సిద్ధపడ్డాడు అని రాస్తాడు. గ్రీకులో అక్కడ "మరణం వరకు" అనే అర్థమిచ్చే రెండు పదాలున్నాయి: మెఖ్రి థనటూ. అచ్చం ఈ రెండు పదాలే అదే అధ్యాయం ఎనిమిదో వచనంలో క్రీస్తు గురించి వచ్చాయి. ఆయన మరణం వరకు, అనగా సిలువ మరణం వరకు విధేయత చూపాడని. క్రీస్తు సిలువకు వాడిన మాటనే ఇరవైరెండు వచనాల తర్వాత ఒక రోగి మంచానికి వాడాడు పౌలు. రెండూ సమానమని ఆయన అనడం లేదు. అతని రోగం ఆ దారిలోదే అంటున్నాడు.

మరి జబ్బుపడిన ఎపఫ్రొదితును ఏ జాబితాలో వేయాలి? క్రీస్తు కోసం పడిన శ్రమా, మామూలు రోగమా? ఆ ప్రశ్నే పౌలుకు తట్టినట్టు లేదు. దేవుడు కనికరించి బాగుచేశాడని సంతోషించాడు. మరో సహకారి త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి ఒక్క వాక్యంలో రాశాడు. నింద లేదు, వివరణ లేదు. ఆ తిమోతికే తరచుగా వచ్చే అనారోగ్యాల కోసం, కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చాడు. వీరు అపొస్తలుడి పక్కన పనిచేసినవారు. ఎలీషా ప్రవక్త రోగంతోనే చనిపోయాడు. అతని ఎముకలకు తగిలి ఒక శవం లేచిందని రాజుల రెండో గ్రంథం చెబుతుంది. అంతటి శక్తి ఉన్నవాడే మంచంపట్టి వెళ్లిపోయాడు.

యేసు మన రోగాలను భరించాడు గనుక విశ్వాసికి రోగం ఉండకూడదన్న వాదన మత్తయి ఎనిమిదో అధ్యాయం మీద నిలబడుతుంది. అక్కడ యెషయా 53వ అధ్యాయంలోని మాట నెరవేరిందని మత్తయి రాశాడు. అయితే అది నెరవేరిందని ఆయన చెప్పిన సమయం సిలువ కాదు, కపెర్నహూములో పేతురు ఇంట జరిగిన స్వస్థతల సాయంత్రం. ఆ స్వస్థతలు రాబోయే రాజ్యపు తొలి చినుకులు. అప్పుడు బాగుపడినవారు కూడా తర్వాత ఎప్పుడో చనిపోయారు. యెషయాలో అంతకు ముందు వచనం చదవండి, "వ్యాధిననుభవించినవాడు" అని అక్కడ వర్ణించిన దేవుని సేవకుడి గురించి మన తెలుగు బైబిలులోనే ఉంది. హింసకు గురై చంపబడిన ఆ సేవకుణ్ణి ప్రవక్త వర్ణించింది రోగి రూపంలో. జనం మొహం తిప్పుకుంటారు, దేవుడు కొట్టాడనుకుంటారు. రోగి పడే అవమానమే అది.

కార్తేజీ మంచాల మీద ఇదే ప్రశ్న

ఈ ప్రశ్న కొత్తది కాదు. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి దెకియుసు ఆజ్ఞతో క్రైస్తవుల మీద హింస మొదలైంది. ఆ హింస పూర్తిగా చల్లారకముందే భయంకరమైన తెగులు వ్యాపించింది. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో బిషప్పుగా ఉన్న సిప్రియన్ పేరుతోనే చరిత్రకారులు ఆ తెగులును పిలుస్తారు. కార్తేజీ సంఘంలో కొందరిని ఒక విచిత్రమైన బాధ పట్టుకుంది. విశ్వాసం కోసం ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడి ఉన్నాం, తీరా ఈ రోగం వచ్చి ఆ హతసాక్షి మరణాన్ని మా చేతినుంచి లాక్కుంటున్నదే అని. మా పిన్ని ప్రశ్నే అది, పదిహేడు శతాబ్దాల ముందు.

సిప్రియన్ వారికి రాసిన జవాబులోని సారం ఇది: హతసాక్షి కావడం మీ చేతిలో లేదు, అది దేవుడు ఇచ్చేది. దేవుడు చూసేది మీ హృదయాన్ని. సాక్షి కావడానికి మనసు లేకపోవడం వేరు, మనసుండీ ఆ అవకాశం రాకపోవడం వేరు. ఈ మాటలు రాసిన మనిషి హింసను దూరంనుంచి చూసి మాట్లాడలేదు. 258 సెప్టెంబరులో ఆయన తల నరికారు.

అదే తెగులు కాలంలో అలెగ్జాండ్రియా బిషప్పు దియొనీసియుసు రాసిన లేఖలో కొంత భాగాన్ని చరిత్రకారుడు యూసేబియుసు భద్రపరిచాడు. రోగులను చేతుల్లోకి తీసుకుని సేవచేసి, ఆ రోగమే అంటుకుని చనిపోయిన పెద్దలు, పరిచారకులు, సామాన్య విశ్వాసుల గురించి అందులో ఉంది. భక్తితో, బలమైన విశ్వాసంతో వచ్చిన ఈ మరణం హతసాక్షి మరణానికి ఏమాత్రం తీసిపోనిదిగా కనిపిస్తుందని ఆయన రాశాడు. హింస అంటే ఏమిటో బాగా తెలిసిన తరం అది. వారికి ఆ గోడ కనిపించలేదు.

కతోలిక సంప్రదాయం ఇంకో అడుగు ముందుకు వేసింది. 1981లో తుపాకీ కాల్పులకు గురై నెలల తరబడి ఆసుపత్రి పాలైన పోపు రెండవ జాన్ పాల్, 1984 ఫిబ్రవరిలో బాధల గురించి రాసిన లేఖలో రోగి తన బాధను క్రీస్తు బాధతో ఏకం చేసి అర్పించవచ్చని బోధించారు. ప్రొటెస్టెంట్లలో చాలామంది అంత దూరం వెళ్లరు, నేనూ వెళ్లలేను. క్రీస్తు బలికి కలపవలసింది ఏదీ లేదని నా నమ్మకం.

ఇక చేయవలసిన పని మాటకు వస్తే, అక్కడ తేడా ఉంది, ఉండాలి కూడా. హింస ఆగాలంటే విశ్వాసాన్ని వదులుకోవాలనే షరతు ఉన్నప్పుడు, ఓర్చుకోవడమే విధేయత. రోగానికి అలాంటి షరతు లేదు. మందు వేసుకుంటే క్రీస్తును కాదన్నట్టు కాదు. కాబట్టి రోగం వస్తే వైద్యుణ్ణి పిలవాలి, పెద్దలను పిలవాలి, బాగుచేయమని మొహమాటం లేకుండా దేవుణ్ణి అడగాలి. పౌలు మూడుసార్లు అడిగాడు, జబ్బుపడిన హిజ్కియా రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు. రోగం కూడా శ్రమే అన్నామని, రోగాన్ని వరంలా పెంచి పోషించమని అర్థం తీస్తే అది ఇంకో క్రూరత్వం. నొప్పి నివారణ మాత్ర వద్దని ఎవరైనా భక్తి పేరుతో చెబితే నాకు కోపం వస్తుంది. ఆ మాట చెప్పేవారికి సాధారణంగా నొప్పి ఉండదు.

హింసపడేవారితోనూ, రోగితోనూ క్రీస్తు తనను ఒకే వాక్యంలో కలుపుకున్నాడన్నది మాత్రం మరిచిపోకూడదు. "రోగినై యుంటిని, నన్ను చూడ వచ్చితిరి, చెరసాలలో ఉంటిని, నాయొద్దకు వచ్చితిరి." రెండు చోట్లా ఆయన "నేను" అనే అన్నాడు.

పిన్ని దగ్గరకు నేను తీసుకెళ్లినది వీటిలో ఏదీ కాదు, 41వ కీర్తన. అది మంచంపట్టిన మనిషి ప్రార్థన. వీడు ఎప్పుడు చస్తాడు, వీడి పేరు ఎప్పుడు మాసిపోతుందని శత్రువులు ఎదురుచూస్తుంటారు. ఇతనింక లేవడని గుసగుసలాడుకుంటారు. చివరికి తన అన్నం తిన్న స్నేహితుడే తన మీద మడమ ఎత్తాడంటాడు. ఆ చివరి మాటను యేసు పట్టబడిన రాత్రి బల్ల దగ్గర కూర్చుని, యూదా గురించి తన మాటగా పలికాడు. యోహాను 13వ అధ్యాయంలో ఉంది. తనను అప్పగించే ఘడియలో చెప్పుకోవడానికి ఆయన ఎంచుకున్నది ఒక రోగి కీర్తనను. ఇది చెప్పినప్పుడు పిన్ని తల తిప్పి నా వైపు చూసింది.

ఆ కీర్తన మూడో వచనంలో, రోగశయ్య మీద యెహోవా అతణ్ణి ఆదరిస్తాడని ఉంది. దాని తర్వాతి సగం హెబ్రీలో అక్షరాలా చూస్తే, అతని రోగంలో అతని పడకనంతా నువ్వు తిరగవేస్తావు అని వస్తుంది. రోగిని లేపి నిలబెట్టడమని కొందరు అర్థం చెప్పారు. రోగి కింద పక్క మార్చి సర్దడమని కొందరు చెప్పారు. రెండు అర్థాలూ పిన్నికి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. కాసేపటికి బాబాయి ఉతికిన దుప్పటి పట్టుకుని వచ్చాడు. నేను భుజాల దగ్గర, ఆయన నడుము దగ్గర పట్టుకుని పిన్నిని నెమ్మదిగా పక్కకు ఒత్తిగిలించాం. కింది దుప్పటి లాగి, కొత్తది పరిచి, ముడతలు సరిచేసి, మళ్లీ వెల్లకిలా తిప్పాం. బైబిలు ఆమె చేతికి అందేలా తెరిచి పెట్టమంది.